బడి వెనక స్విమ్మింగ్ పూల్

మా ఇల్లున్న ఊరు స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ లోకల్ రైలు‌లో ముప్పావు గంట. ఊరంతటికీ ఒకటే ప్రాథమిక పాఠశాల. ఆ బడి వెనక, పిల్లల సైకిళ్లు నిలిపే చోటు దాటాక, చదును కప్పుతో ఒక పొట్టి భవనం ఉండేది. అందులో ఈత నేర్పే చిన్న స్విమ్మింగ్ పూల్. లోతు ఒక పక్క నా నడుము దాకా, ఇంకో పక్క భుజాల దాకా. మూడో తరగతికి వచ్చిన పిల్లలందరూ వారానికి ఒకసారి అక్కడికి వెళ్లేవారు, ఏడాది తిరిగేసరికి ఈత నేర్చుకునేవారు. ఊళ్లో అరవై దాటినవాళ్లు కూడా తాము అక్కడే నేర్చుకున్నామని చెప్పేవారు.

మేం ఇల్లు కొనుక్కునే ముందు బడి చూడటానికి వెళ్తే, హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని అన్నిటికంటే ముందు అక్కడికే తీసుకెళ్లింది. క్లోరిన్ వాసన, అద్దాల మీద ఆవిరి, గట్టు మీద ఒకరి వెనక ఒకరు వణుకుతూ నిలబడ్డ పిల్లలు. నేను అక్కడే మనసు పడ్డాను. నేను కరీంనగర్ పక్క పల్లెలో పెరిగాను. మా దగ్గర మగపిల్లలు నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకునేవారు. ఆడపిల్లలం ఒడ్డున వాళ్ల అంగీలకు కాపలా కూర్చునేవాళ్లం. నాకు ఇప్పటికీ నీళ్లంటే భయమే. నా కూతురికి ఆ భయం ఉండదని, దానికోసం నేనేమీ చెయ్యక్కర్లేదని, బడే చూసుకుంటుందని ఆ రోజు అనుకున్నాను.

నేను కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీర్ని. మా ఆయన సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. కరోనా వచ్చిన మార్చిలో బడి మూశారు, దాంతో పాటు పూల్ కూడా. మా కంపెనీలో ఏప్రిల్ నుంచి కుర్ట్‌సార్‌బైట్ పెట్టారు. అంటే ఉద్యోగం ఉంటుంది గానీ పని గంటలు సగం, జీతంలో కోత. మొదట్లో ఆ తీరిక బాగానే అనిపించింది. వేసవి గడిచేసరికి మా సెక్షన్‌లో ముగ్గురి కాంట్రాక్టులు పొడిగించలేదు. మేం ఇల్లు కొని ఏడాది కూడా కాలేదు. పొద్దున లేవగానే ముందు ఆఫీసు మెయిల్ తెరిచి, నా పేరుతో ఏమన్నా వచ్చిందా అని చూసుకునేదాన్ని.

అమ్మాయి మూడో తరగతికి వచ్చింది. బడి తెరిచారు గానీ పూల్ తెరవలేదు. ఆ శరదృతువులోనే ఊళ్లో గొడవ మొదలైంది. కంపెనీల నుంచి రావలసిన పన్ను పడిపోయింది. పూల్ కప్పు బాగుచెయ్యాలి, నీళ్లు శుభ్రం చేసే యంత్రాలు మార్చాలి. దానికి ఊరి పాలన చూసే రాట్‌హౌస్ వాళ్లు రెండు దార్లు చూపించారు. గ్రుండ్‌స్టాయర్, అంటే ఇళ్ల మీద పన్ను, పెంచడం. లేదంటే పూల్‌ను శాశ్వతంగా మూసెయ్యడం. వారం వారం ఇంటింటికీ వచ్చే ఊరి పత్రికలో ఉత్తరాలు వెల్లువెత్తాయి. బడి కోసం పన్ను కట్టనివాళ్లు స్వార్థపరులని ఒకరు రాస్తే, పెన్షన్ మీద బతికేవాళ్ల ఇళ్లు అమ్మించి పిల్లలకు ఈత నేర్పుతారా అని ఇంకొకరు రాశారు. బేకరీ ముందు దూరం దూరంగా వరసలో నిలబడ్డవాళ్లు కూడా మాస్కుల్లోంచి దీని గురించే వాదించుకునేవారు.

మా ఆయన ఆ ఏడు అమ్మాయి క్లాసుకు తల్లిదండ్రుల ప్రతినిధిగా ఎన్నికయ్యాడు. వేరే ఎవరూ చెయ్యి ఎత్తకపోవడం వల్ల అయ్యాడు గానీ, అయ్యాక మాత్రం ఒళ్లు దాచుకోలేదు. కౌన్సిల్ సభ్యులందరికీ ఉత్తరాలు రాశాడు. ఈత టీచరును రెండుసార్లు కలిశాడు. ఆవిడకు అరవై దగ్గర పడి ఉంటుంది, తెల్లజుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉండేది. ఆ పూల్‌లోనే తను నేర్చుకుని, తర్వాత జీవితమంతా అక్కడే నేర్పింది. మాకు ఓటు లేదు. విదేశీయులం, యూరప్ పాస్‌పోర్టు లేనివాళ్లం. అయినా ఊళ్లో ఉండేవాళ్లెవరైనా కౌన్సిల్ మీటింగ్‌లో లేచి ప్రశ్న అడగొచ్చని ఆవిడే మా ఆయనకు చెప్పింది.

మా పక్కింటాయన రిటైర్డ్ మెషినిస్టు, భార్య పోయి చాలా కాలమైంది. మేం ఇల్లు కొత్తగా కొన్నప్పుడు ఏ చెత్తడబ్బా ఏ రోజు బయట పెట్టాలో నేర్పింది ఆయనే. మేం హైదరాబాద్ వెళ్లిన నెల మా మొక్కలకు నీళ్లు పోశాడు. అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం ఆయన మాస్కు పెట్టుకుని, చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో గేటు దగ్గర నిలబడ్డాడు. పన్ను పెంచవద్దని సంతకాల సేకరణ. మా ఆయన అప్పుడు పై గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కరోనా ఎప్పుడు పోతుందో తెలియదు, నీళ్లు లేని తొట్టికి ఇప్పుడు ఖర్చు ఎందుకు అన్నాడు. తన పెన్షన్ ఎంతో కూడా చెప్పబోయి ఆగిపోయాడు. తర్వాత, "మీకు కూడా ఇప్పుడు సగం పనే కదా" అన్నాడు.

చదవకుండా సంతకం పెట్టానని చెప్పుకోగలిగితే తేలిగ్గా ఉండేది. చదివాను. పై నుంచి కింద దాకా చదివి, ఆయనిచ్చిన పెన్నుతో ఇంటి నంబరు కూడా రాసి సంతకం పెట్టాను. ఆయన పోయాక చేతులు శానిటైజర్‌తో రుద్దుకుని లోపలికి వచ్చాను. పై నుంచి మా ఆయన నవ్వు వినిపించింది, కాల్‌లో ఎవరో ఏదో అన్నట్టున్నారు. అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. అలా మూడు వారాలు గడిచాయి.

కౌన్సిల్ మీటింగ్ బడి ఆటల హాల్లో పెట్టారు. కుర్చీలు దూరం దూరంగా వేసి, గాలి కోసం కిటికీలన్నీ తెరిచారు. అందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. పిల్లను ఆ సాయంత్రం దాని స్నేహితురాలింట్లో వదిలి నేను కూడా వెళ్లాను. మా ఆయన వెళ్దామన్నాడు, రానంటే ఎందుకని అడుగుతాడు.

ప్రశ్నల వేళ వచ్చినప్పుడు మా ఆయన లేచి, తను రాసుకున్న రెండు పేజీలు జర్మన్‌లో చదివాడు. వారం రోజులు అద్దం ముందు చదివి ప్రాక్టీస్ చేశాడు. కౌన్సిల్ సభ్యుడొకాయన విని తల ఊపి, కొత్తగా వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో ఎంతమంది వృద్ధులు పాత ఇళ్లలో ఎలా నెట్టుకొస్తున్నారో తెలియకపోవచ్చని మెత్తగా అన్నాడు. తర్వాత ఈత టీచర్ లేచింది. ఆవిడ దగ్గర కాగితం లేదు.

"మన ఊళ్లో నది లేదు, చెరువు లేదు. అందుకే మీకు భయం వెయ్యట్లేదు" అంది. "పిల్లలు ఎప్పుడూ ఊళ్లోనే ఉండరు కదా."

ఆవిడ కూర్చుంది. తర్వాత మేయర్ సంతకాల కట్ట పైకెత్తి చూపించి, ప్రజల అభిప్రాయం కూడా లెక్కలోకి తీసుకోవాలి అన్నాడు. ఆ కట్టను చూడకుండా నేను నేల మీద బాస్కెట్‌బాల్ గీతలు చూస్తూ కూర్చున్నాను. కౌన్సిల్ సభ్యులు చేతులెత్తి ఓట్లు వేశారు. కొద్ది చేతుల తేడాతో పన్ను పెంచడం ఓడిపోయింది. అంటే పూల్ ఇక తెరవరు.

బయట సైకిళ్ల దగ్గర పక్కింటాయన ఎదురయ్యాడు. గెలిచిన గర్వమేమీ లేదు ఆయనలో. మా ఆయనను ఓదార్చాలనే అనుకున్నాడని నాకిప్పటికీ నమ్మకం. బాగా మాట్లాడారు అని మెచ్చుకుని, "మీ ఆవిడ లెక్క తెలిసిన మనిషి. మీకూ తర్వాత అర్థమవుతుంది" అన్నాడు.

మా ఆయన ఆయనకు గుడ్ నైట్ చెప్పాడు. వీధి మలుపు దాటాక నన్ను అడిగాడు.

"సంతకం పెట్టినవా?"

"పెట్టిన."

"ఎప్పుడు?"

"అక్టోబర్ల. నువ్వు కాల్‌ల ఉన్నవ్. నా పని ఉంటదో పోతదో తెల్వకపాయె. భయమైంది."

"భయమైతే నాకు జెప్పాలె గదా. నేనాడ నిలబడి మాట్లాడుతుంటే, ఆ కట్టల నీ పేరున్నది."

ఆ తర్వాత ఆయన దాని గురించి అడగలేదు, నేను చెప్పలేదు. వంట, పిల్ల, చెత్తడబ్బాలు, కరోనా టెస్టుకు అపాయింట్‌మెంట్ దొరికిందా లేదా, ఇవే మాటలు. డిసెంబర్‌లో బళ్లు మళ్లీ మూశారు.

మీటింగ్ సాయంత్రం మా అమ్మాయిని ఉంచుకున్న స్నేహితురాలి కుటుంబం స్టేషన్ దగ్గరి ఫ్లాట్లలో ఉండేది. రొమేనియా నుంచి వచ్చారు. తండ్రి గోడౌన్‌లో, తల్లి ఆఫీసులు శుభ్రం చేసే పనిలో. ఆ అమ్మాయి మా అమ్మాయి పక్క సీటు. పొట్టిగా, ముందు పళ్ల మధ్య సందుతో, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూ ఉండేది. మా ఇంట్లో పప్పు తిని, మా అమ్మాయి నేర్పిన మాట "మస్తుంది" అని జర్మన్ యాసలో అనేది. బళ్లు మూసిన శీతాకాలం వాళ్లింట్లో ఒకటే ఫోన్ ఉంటే, నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. పొద్దున్నే ఇద్దరూ తెర మీద కలుసుకుని లెక్కలు చేసేవారు. ఒకరు చేసింది ఇంకొకరు చూసి రాస్తున్నారని నాకు తెలిసినా తెలియనట్టే ఊరుకున్నాను. ఆ నెలల్లో మా ఇంట్లో వినిపించిన నవ్వులు వాళ్లవే.

వేసవి వచ్చింది. ఆంక్షలు సడలించారు. పక్క టౌన్లలో బయటి పూల్స్ తెరిచారు గానీ ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి, అవి తెరిచిన నిమిషంలో అయిపోయేవి. ఎండలు ముదరడంతో జనం కంకర తవ్విన గుంటల్లో నీరు చేరి ఏర్పడిన చెరువులకు వెళ్లడం మొదలుపెట్టారు. అలాంటి చెరువుల్లో ఒడ్డు నుంచి నాలుగడుగులు మోకాళ్ల లోతే ఉంటుంది, అయిదో అడుగుకు కింద నేల ఉండదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

జూలైలో ఒక శనివారం ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేసింది. చెరువుకు వెళ్తున్నాం, కారులో చోటుంది, మీ అమ్మాయిని పంపుతారా అని అడిగింది. నాకు రెండో డోసు ఇంకా పడలేదు. కరోనా భయంతో వద్దన్నాను, నీళ్ల భయంతో కాదు. మా అమ్మాయి తలుపు వేసుకుని మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు.

సాయంత్రం ఆరింటికి క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో ఒకావిడ రాసింది, చెరువు దగ్గర హెలికాప్టర్ దిగింది, మన ఊరివాళ్లే అంటున్నారు అని. నేను ఆ తల్లికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మా ఆయన కారు తాళాలు తీసుకుని, ఎక్కడికి వెళ్లాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆదివారం పొద్దున క్లాసు టీచర్ ఫోన్ చేసి చెప్పింది. తండ్రి ఆ అమ్మాయి తమ్ముణ్ని టాయిలెట్‌కు తీసుకెళ్లాడు. తల్లి ఒడ్డునే ఉంది, చూస్తూనే ఉంది. ఆవిడకు ఈత రాదు. అరుపులు విని దూరంగా ఉన్న ఎవరో ఈదుకుంటూ వచ్చి పిల్లను బయటికి తీశారు. అప్పటికే ఆలస్యమైంది.

మా అమ్మాయికి మేమిద్దరం కలిసి చెప్పాం. అది మంచం మీద కూర్చుని విన్నది. ఏడవలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయా అని జర్మన్‌లో అడిగింది. తెలియదని చెప్పాను. ఆ రోజు నుంచి మాతో తెలుగులో మాట్లాడటం మానేసింది. మేం తెలుగులో అడిగితే జర్మన్‌లో ఒకటి రెండు మాటలు చెప్పేది.

అంత్యక్రియలకు ఊళ్లో చాలామంది వచ్చారు. చాపెల్‌లోకి కొద్దిమందినే రానిచ్చారు, మిగతావాళ్లం బయట చెట్ల కింద దూరంగా నిలబడ్డాం. అయిపోయాక ఈత టీచర్ నా పక్కకు వచ్చింది. నా సంతకం సంగతి ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు. అప్పటికి నేనొక సమాధానం సిద్ధం చేసుకుని ఉన్నాను, రాత్రీ పగలూ అదే నాకు నేను చెప్పుకుంటున్నాను. పూల్ ఉన్నా కరోనా వల్ల మూసే ఉండేది కదా అని ఆవిడతో అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "జూన్ మొదట్లోనే బడి పూల్స్‌కు అనుమతి వచ్చింది. పక్క ఊళ్లో రోజూ నేర్పించారు, సెలవుల్లోపు అందరికీ అయ్యేలా. నేనూ అదే చేసేదాన్ని."

ఆవిడ నిందగా అనలేదు. టైంటేబుల్ చెప్పినట్టు చెప్పి, కళ్లజోడు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయనకు ఆ మాట చెప్పాను. నెలల తర్వాత మేం ఆ విషయం ఎత్తడం అదే మొదలు. ఆయన తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నువ్వొక్కదానివే పెట్టినవా సంతకం?" అన్నాడు. "నేను మాత్రం ఏం జేసిన? ఓట్లు పోయినంక కోపం మీద ఉన్న గని, మళ్ల ఒక్క లెటర్ రాయలే. పక్క ఊరి పూల్‌ల మన పిల్లలకు ఒక గంట ఇయ్యిమని అడగచ్చు. అడగలే."

ఆయన నా భారం తగ్గించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో. రెండూ అయి ఉండొచ్చు.

పది రోజులు పోయాక అన్నం, పప్పు వండి ఆ ఫ్లాట్‌కు తీసుకెళ్లాను. ఇంకేం తీసుకెళ్లాలో తోచలేదు. ఆ తల్లి మాస్కు లేకుండానే తలుపు తీసి, నన్ను వంటగదిలో కూర్చోబెట్టింది. నా లాప్‌టాప్ అప్పటికే తుడిచి, వైరు చుట్టి, సంచిలో పెట్టి ఉంచింది. అది మీ దగ్గరే ఉండనివ్వండి అన్నాను. వద్దంది. నేను వెళ్లింది సంతకం గురించి చెప్పడానికి. బస్సులో అంతా జర్మన్‌లో ఆ వాక్యాలు కూడబలుక్కుంటూ వెళ్లాను. ఆవిడ ఎదురుగా కూర్చున్నాక, చెప్తే ఆ భారం ఆవిడ మీద పెట్టి నేను తేలికపడటానికే కదా అనిపించింది. అది నిజంగా అనిపించిందా, లేక పిరికితనానికి వెతుక్కున్న సాకా, ఈ రోజుకీ నాకు తేలలేదు.

ఆవిడే నన్ను అడిగింది. "మీ అమ్మాయికి ఈత వచ్చా?"

"రాదు."

"నేర్పించండి" అంది. లేచి నేను తెచ్చిన గిన్నెలు ఖాళీ చేసి, కడిగి ఇచ్చింది.

పక్కింటాయన ఆగస్టులో ఒకరోజు పొదల కంచె అవతల కత్తెరతో కొమ్మలు కత్తిరిస్తూ, ఆ పిల్ల మీ ఇంటికి వచ్చే పిల్లేనా అని అడిగాడు. అవునన్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తన ఇద్దరు పిల్లలూ ఆ పూల్‌లోనే నేర్చుకున్నారని చెప్పాడు. తర్వాత, కరోనా వల్ల ఎలాగూ మూసే ఉండేది అన్నాడు. నేను చెప్పుకున్న మాటే. జూన్‌లో తెరిచేవారట అని చెప్పాను. ఆయన కత్తెర అక్కడే కంచె మీద వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత కూడా మేం ఎదురైతే పలకరించుకునేవాళ్లం. సంతకాల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ చలికాలం కౌన్సిల్ బడ్జెట్ మీటింగ్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. కిండర్‌గార్టెన్‌లో కొత్త గదులు కట్టాలని గ్రుండ్‌స్టాయర్ పెంచారు. ఏడాది కిందట అంత గొడవైన పన్ను మీద ఈసారి పత్రికలో రెండే ఉత్తరాలు వచ్చాయి, ఓటింగ్ కొన్ని నిమిషాల్లో అయిపోయింది. ప్రశ్నల వేళ నేను లేచాను. బడి పూల్‌ను మళ్లీ తెరిచే ఆలోచన ఉందా అని అడిగాను. జర్మన్‌లో వాక్యం తప్పుగా వచ్చింది, రెండోసారి సరిగ్గా అడిగాను.

మేయర్ ఓపిగ్గా జవాబిచ్చాడు. యంత్రాలు తీసేసి అమ్మేశారట. తొట్టిని పూడ్చి పైన నేల సమం చేశారట, ఆటల హాలు కుర్చీలు, బెంచీలు పెట్టుకోవడానికి వాడుతున్నారట. మళ్లీ కట్టడం ఈ ఊరి శక్తికి మించిన పని అన్నాడు. జరిగినదానికి అందరూ బాధపడుతున్నారని కూడా అన్నాడు. నా ప్రశ్నకు థాంక్స్ చెప్పి, వీధి దీపాల విషయానికి వెళ్లాడు.

వసంతంలో ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోయింది. తండ్రికి వేరేచోట పని దొరికిందని విన్నాను. ఎక్కడో ఎవరూ చెప్పలేదు.

మా అమ్మాయికి పక్క టౌన్‌లో ఈత క్లాసు వెయిటింగ్ లిస్టు దాటి మే నెలలో చోటు దొరికింది. మొదటి రోజు గంటసేపూ గట్టు పక్క కమ్మీ పట్టుకుని నిలబడింది. రెండోవారం, మూడోవారం కూడా అంతే. అక్కడి టీచర్ బలవంతం చెయ్యలేదు. నేను అద్దం వెనక బెంచీ మీద కూర్చుని, దాని వేళ్లు కమ్మీ మీద తెల్లబడటం చూస్తుండేదాన్ని. చాలు ఇంటికి పోదామని నోటిదాకా వచ్చేది. నాలుగోవారం దాని పక్కన ఉండటానికి నేను కూడా నీళ్లలోకి దిగాను. జీవితంలో మొదటిసారి. భుజాల దాకా నీళ్లు రాగానే నాకు ఊపిరి ఆడలేదు. అది నా ముఖం చూసి, ఒక చేత్తో కమ్మీ వదిలి, నా చెయ్యి పట్టుకుంది.

సెలవులకు ముందు అది ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఒక్కసారి ఈదింది. బయటికి వచ్చి, తువ్వాలు చుట్టుకుని, పళ్లు టకటకలాడుతుండగా, "ఇంక చాలా, అమ్మా?" అని తెలుగులో అడిగింది.

చాలదని చెప్పాను. మళ్లీ నీళ్లలోకి పంపాను.